తూర్పు లోయలో మూడు పాయింట్లు

రాబోయే మూడేళ్ళలో కొండల మీద అడవి ఎక్కడెక్కడ పోతుందో ఈ మ్యాపు ముందే చెప్పేస్తుందని అధికారి అంటున్నప్పుడు పెద్దకోడలు వెనక వరసలో కూర్చుని, బూటు అంచున ఎండిపోయిన బురదని గోటితో గీకుతోంది. గోడ మీద తెర నిండా కొండలు పరుచుకుని ఉన్నాయి. ఎర్ర గళ్ళలో చెట్లు పోవడం ఖాయమట. పసుపు గళ్ళలో పోవచ్చునట. పచ్చ గళ్ళకు భయం లేదట. ఒక్కో గడి ముప్ఫై మీటర్లు. దారికి ఎంత దూరం, వాలు ఎంత, పక్క గడిలో ఇదివరకే చెట్లు కొట్టారా, ఇవన్నీ కలిపి కంప్యూటర్ లెక్కగడుతుందట. తెర పక్కన నిలబడి ఇదంతా అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెబుతున్నది ఆమె తోడికోడలే.

ఆ అటవీ కార్యాలయంలో వాళ్ళిద్దరినీ పేర్లతో పిలిచేవాళ్ళు లేరు. ఇంటి పిలుపులే అక్కడికీ పాకాయి. పద్నాలుగేళ్ళుగా కొండలెక్కి కొలతలు తీసుకొచ్చే మనిషి పెద్దకోడలు. రెండేళ్ళ కిందట మ్యాపుల గదిలో చేరిన ఆమె మరిది భార్య చిన్నకోడలు. ఒకే ఇల్లు, ఒకే ఆఫీసు, పొద్దున ఒకే బస్సు. చూసేవాళ్ళకు ముచ్చటగానే ఉండేది.

ఎప్పుడూ మబ్బు కప్పుకుని ఉండే కొండలు కదా, ఉపగ్రహానికి ఏం కనిపిస్తుందని ముందు వరసలో ఎవరో అడిగారు. మబ్బు లేని చోట ఉపగ్రహం ఫొటోలు వాడామనీ, మబ్బున్న చోట కొండెక్కి కొలిచి నింపిన ఫీల్డ్ షీట్లే ఆధారమనీ చిన్నకోడలు చెప్పింది. చెప్పి, వెనక వరస వైపు చూసింది. ఆమె ఇంకేదో అనబోయేలోపే అధికారి అందుకుని, ఫీల్డ్ సిబ్బందికి కూడా మనం ధన్యవాదాలు చెప్పుకోవాలన్నాడు. నలుగురు చప్పట్లు కొట్టారు. అప్పటికే ఆయన రెండో విషయంలోకి వెళ్ళిపోయాడు.

సిబ్బంది. పెద్దకోడలు ఆ మాటని నోట్లో రాయిలా అటూ ఇటూ దొర్లించింది. సిబ్బంది అంటే ఎవరు? తనూ, తనతో నడిచే ముసలి గార్డూ. మోకాళ్ళు అరిగిందెవరివి, జలగలు పీల్చిందెవరి నెత్తురు? చల్లటి గదిలో కూర్చుని షీట్లు కంప్యూటర్లోకి ఎక్కించినామె తెర పక్కన నిలబడింది. వండినమ్మ వంటింట్లో, వడ్డించినమ్మ పందిట్లో అన్నట్టుంది.

ఆ కంప్యూటర్ లెక్కని ఆఫీసులో మోడల్ అంటారు; దాని ముసాయిదా నాలుగు నెలల కిందటే తయారైంది. దాన్ని నమ్మి పచ్చ గళ్ళ దగ్గరున్న రెండు కాపలా చౌకీలు, తూర్పు లోయది కూడా కలిపి, ఎత్తేసి ఎర్ర గళ్ళ దగ్గర పెట్టారు. ఇప్పుడు పై ఆఫీసుకు పంపేముందు ఇరవైనాలుగు పాయింట్లు కళ్ళారా చూసి రావాలి. ఆ పని పెద్దకోడలికి అప్పగించారు. జాబితా అందుకుంటున్నప్పుడు ఆమె వేళ్ళు కాస్త ఆత్రపడ్డాయి. తప్పులు దొరక్కపోవు అనుకుంది.

ఆ సాయంత్రం వాళ్ళ అత్తగారు పక్కింటావిడతో గుమ్మంలో నిలబడి మాట్లాడుతోంది. మా చిన్నది కొండ ముఖం చూడకుండానే కొండ జాతకం చెప్పేస్తుంది, అధికారి అందరి ముందూ మెచ్చుకున్నాడట అని మురిసిపోతోంది. పెద్దకోడలు కూర తరుగుతూ విన్నది. ముక్కలు ఆ పూట కాస్త పెద్దవిగా పడ్డాయి.

భోజనాల దగ్గర చిన్నకోడలు నెమ్మదిగా, "నేనూ వస్తానక్కా, మీతో," అంది. "లెక్కలు కట్టడమే గానీ అడవిలోకి ఎప్పుడూ పోలేదు."

"ఎండకి కమిలిపోతావే," అంది అత్తగారు వెంటనే.

పద్నాలుగేళ్ళలో ఆ మాట తనతో ఒక్కసారి కూడా అనలేదని పెద్దకోడలికి గుర్తుకొచ్చింది. మజ్జిగ పోసుకుంటూ, "రానివ్వండి," అంది. "అడవి ఎలా ఉంటుందో తెలుస్తుంది."

*

కొండ మొదట్లో జీపు దిగగానే పెద్దకోడలు వెనక్కి తిరిగి చూడకుండా నడక మొదలుపెట్టింది. మామూలుగా అయితే గార్డు అడుగు ప్రకారం నడిచేది. ఆ ముసలాయన్ని అందరూ నత్తగారంటారు. పొద్దున బయల్దేరి సాయంత్రానికి కొండెక్కుతాడు గానీ, ఎక్కని రోజు లేదు. ఆ రోజు ఆమె నత్తగారిని కూడా వదిలేసి ముందుకు పోయింది. కింద చిన్నకోడలు ఆయాసం వినిపిస్తుంటే ఆమె అడుగు ఇంకా తేలికపడింది.

మొదటి పాయింటు ఎర్ర గడి. మలుపు తిరగగానే మోడులు కనిపించాయి. చెట్లు కొట్టి, కొమ్మలు తగలబెట్టి, వాలు వాలంతా నున్నగా చేసి పెట్టారు. మోడల్ చెప్పింది చెప్పినట్టే ఉంది. పెద్దకోడలు చుట్టుకొలతలు తీసింది, గళ్ళు గీసిన చిన్న అద్దం అరచేతిలో పట్టుకుని తల మీద ఆకుల కప్పు ఎంతుందో చూసింది, షీటు నింపింది. చిన్నకోడలు మోడుల మధ్య నిలబడిపోయింది. తన లెక్క నిజమైందని పొంగిపోతుందేమోనని పెద్దకోడలు ఓరగా చూసింది. ఆ పిల్ల మొహంలో అదేం లేదు. పొంగి ఉంటే బావుండేది, తిట్టుకోవడానికి వీలుగా.

రెండో పాయింటూ అంతే. మూడోదీ అంతే. పచ్చ గళ్ళలో మనిషి దూరలేనంత అడవి. రెండు రోజుల్లో ఇరవై ఒక్క పాయింట్లు చూస్తే మోడల్ తప్పినవి రెండే. అవి కూడా పసుపు గళ్ళు, అటూ ఇటూ అవ్వచ్చని అదే చెప్పింది కాబట్టి తప్పని గట్టిగా అనడానికి లేదు. ఒక్కో పాయింటు దగ్గర టిక్కు పెడుతుంటే పెన్సిలు ముల్లులా గుచ్చుకుంది. కొండని ఒక్కసారైనా ఎక్కనిది, కొండ గురించి ఇంత ఎలా చెప్పగలిగింది? తను ఏళ్ళ తరబడి కళ్ళతో దాచుకున్నదాన్ని కుర్చీలో కూర్చుని ఎలా లాక్కుంది?

రెండో రోజు మధ్యాహ్నం చిన్నకోడలు ఒక మోడు పక్కన కూర్చుని, దీన్ని ఎప్పుడు కొట్టారో ఎలా తెలుస్తుందక్కా అని అడిగింది. పెద్దకోడలు చెప్పకుండా ఉందామనుకుంది. నత్తగారు వింటున్నాడు కాబట్టి చెప్పింది. మోడు పక్కల నుంచి పిలకలు లేస్తాయి. ఈ ఎత్తులో ఏడాదికి మూరెడు పెరుగుతాయి. ఎన్ని మూరలుంటే అన్నేళ్ళు. చిన్నకోడలు అదంతా చిన్న పుస్తకంలో రాసుకుంది. ఆ రాసుకోవడం చూసి, ఇదీ పోయిందన్నమాట అనుకుంది పెద్దకోడలు.

మూడో రోజుకు చిన్నకోడలి కాళ్ళు బొబ్బలెక్కాయి. అడుగు తీసి అడుగు వెయ్యలేకపోయింది. మిగిలినవి తూర్పు లోయలో మూడు పాయింట్లు, మూడూ పచ్చవే. నువ్విక్కడే ఉండు అని ఆమెని విడిది షెడ్డులో వదిలి, పెద్దకోడలూ నత్తగారూ బయల్దేరారు.

*

లోయ ఇంకా రాకముందే ఆమెకు తేడా తెలిసింది. చెట్ల సందుల్లోంచి ఆకాశం ఉండవలసిన దానికన్నా ఎక్కువగా కనిపిస్తోంది. అడుగు వేగం పెంచింది. తీగలు తప్పించుకుని అంచుకు వచ్చి చూస్తే లోయ అవతలి వాలు సగం దాకా బోడిగుండులా ఉంది.

మొదట ఆమెకు కలిగింది సంతోషం. ఉన్న మాట చెప్పాలి కదా. నవ్వొచ్చింది కూడా. పచ్చ గళ్ళట. భయం లేదట. చౌకీ ఎత్తేశారట. ఆమె గబగబా కిందికి దిగి టేపు బయటకు తీసింది. అంత శ్రద్ధగా ఆమె ఎప్పుడూ మోడులు లెక్కపెట్టలేదు. ఈ ఏడాది కొట్టినవే నూట నలభై. కొన్నింటి మీద జిగురు ఇంకా ఆరలేదు. లెక్కపెడుతున్నంతసేపూ ఆమె కళ్ళ ముందు సమావేశం గదే ఉంది. అధికారి మొహం ముడుచుకోవడం, తెర పక్కన నిలబడ్డ పిల్ల నోట మాట రాకపోవడం, అన్నీ కనిపించాయి.

అలా లెక్కపెడుతూ వాలు కింది అంచుకు వచ్చేసరికి పిలకల్లో చిక్కుకుంది. ఇక్కడి మోడులు నల్లబడిపోయి ఉన్నాయి. వాటి పిలకలు ఆమె తల దాటి పైకి లేచాయి. ఒక పిలకని వంచి మూరేసి చూసింది. ఎనిమిది. పక్కదాన్ని వంచింది. తొమ్మిదికి కాస్త తక్కువ. మూడోదాన్ని వంచలేదు.

నత్తగారు అప్పటికి చేరుకుని ఒక రాయి మీద కూర్చున్నాడు. తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"కిందవి పాతవమ్మా," అన్నాడు. "ఎవరో ఇక్కడ ముందే మొదలెట్టారు. ఇప్పుడు అక్కణ్ణించి పైకి పాకారు."

"మరి ఆరేళ్ళ కిందట మనం వచ్చినప్పుడు లేవే ఇవి?"

నత్తగారు ఆమె వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. "ఆరేళ్ళ కిందట మనం ఇందాకా రాలేదు కదమ్మా. వాన. షెడ్డులోనే కూర్చున్నాం."

ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. నిజానికి మరిచిపోయింది అనడం కూడా సరికాదు. ఆ పూట అనేది ఒకటుందని ఆమె ఎప్పుడూ తలుచుకోలేదు, అంతే. రెండు రోజులుగా విడవని వాన. రేకుల మీద దబదబ చప్పుడు. ఒళ్ళో తడిసిన షీట్లు. అవతలి గట్టు మీంచి చూస్తే ఆ లోయ ఎప్పుడూ పచ్చగానే కనిపించేది. 'దట్టమైన అడవి. ఆకుల కప్పు ఎనభై శాతం. నరికిన ఆనవాళ్ళు లేవు.' ఒకే పెన్సిలుతో, ఒకే ఊపులో మూడుసార్లు రాసింది. రాసి, టీ తాగింది.

పక్క గడిలో చెట్లు కొట్టి ఉంటేనే ఈ గడికి ముప్పని ఆ కంప్యూటర్ లెక్క. ఇక్కడ కొట్టలేదని చెప్పింది తనే. అది నమ్మింది.

ఆమె షీటు తీసుకుని ఈ ఏడాది పోయిన చెట్ల లెక్క వేసింది. పాత మోడుల వయసు రాసే గడి ఖాళీగా వదిలేసింది. ఆ గడి ఖాళీగా వదిలితే అడిగేవాళ్ళెవరూ లేరని ఆమెకు తెలుసు.

షెడ్డుకు తిరిగొచ్చేసరికి చిన్నకోడలు కాళ్ళకు గుడ్డలు చుట్టుకుని, ముగ్గురికీ టీ కాచి ఉంచింది.

"మూడూ పోయాయి," అంది పెద్దకోడలు బూట్లు విప్పుకుంటూ. "నీ పచ్చ గళ్ళు."

చిన్నకోడలు చెయ్యి చాచి షీటు అందుకుంది. చాలాసేపు చదివింది. ఖాళీ గడి మీద ఆమె చూపు కాసేపు ఆగినట్టనిపించింది. మడిచి ఇచ్చేసి, టీ చల్లారిపోతోందక్కా అంది.

*

సమావేశం రెండు రోజుల తర్వాత జరిగింది. పెద్దకోడలు కోరుకున్నది కోరుకున్నట్టే జరిగింది. అధికారి రిపోర్టు చదివి, ఇరవైనాలుగులో ఇరవై ఒకటి గురించి ఒక్క ముక్క కూడా ఎత్తలేదు. తూర్పు లోయ మీదే పడ్డాడు. దీన్ని నమ్మి చౌకీ ఎత్తించాను, పై ఆఫీసులో నేనేం జవాబు చెప్పుకోవాలి అన్నాడు. కొండెక్కినవాళ్ళ మాట వినకుండా యంత్రం మాట వింటే ఇలాగే ఉంటుందని, మొన్న చప్పట్లు కొట్టినవాళ్ళలో ఒకాయన సన్నగా నవ్వాడు. ఆ మాట పెద్దకోడలి చెవిలో తేనెలా పడాలి. పడలేదు.

చిన్నకోడలు నిలబడే ఉంది. ముందు బల్ల మీద ఆరేళ్ళ కిందటి షీట్ల ఫైలు తెరిచి ఉంది. ఈసారి పెద్దకోడలు ముందు వరసలో కూర్చుంది కాబట్టి ఆ పేజీ స్పష్టంగా కనిపించింది. అది తన చేతిరాతే. ఎడమ పక్కన టైము రాసే వరస. పది గంటల అయిదు నిమిషాలు. పది గంటల పది నిమిషాలు. పది గంటల పదిహేను. ఒక పాయింటు నుంచి ఇంకో పాయింటుకి గంటన్నర నడక. ఆ టైముల మీద చిన్నకోడలి వేలు ఉంది.

"చెప్పండి," అన్నాడు అధికారి. "ఎక్కడ జరిగింది పొరపాటు?"

ఆ వేలు టైముల వరస మీదుగా కిందికి జరిగింది. ఆగింది. తర్వాత చిన్నకోడలు ఫైలు మూసేసింది.

"లెక్కలో లోపం ఉండి ఉంటుంది సార్. మళ్ళీ చూస్తాను."

ఇక చూడక్కర్లేదని, ఈ పని బయటివాళ్ళకు అప్పగిద్దామని, ఆమెని పాత రికార్డుల గదికి పంపుతానని అధికారి అన్నాడు. చిన్నకోడలు తలూపింది. ఆ మూసిన ఫైలు వైపే పెద్దకోడలు చూస్తోంది. ఇంకొక్క నిమిషం నోరు మూసుకుంటే చాలు. రేపటి నుంచి తెర ఉండదు, చప్పట్లు ఉండవు, గుమ్మంలో అత్తగారి మురిపెం ఉండదు.

"లెక్క సరిగ్గానే ఉంది సార్," అంది ఆమె. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నేను ఇచ్చిందే తప్పు. ఆరేళ్ళ కిందట ఆ మూడు పాయింట్లకూ నేను వెళ్ళలేదు. వానకి షెడ్డులో కూర్చుని రాశాను. అప్పటికే అక్కడ చెట్లు కొట్టి ఉన్నారు. మొన్న చూసినప్పుడు తెలిసింది. తెలిసీ మళ్ళీ రాయలేదు."

అధికారి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. మూడే కదా అని తేల్చేస్తాడనుకుంది ఆమె, లోపల ఎక్కడో. ఆయన అలా తేల్చలేదు. మూడు అబద్ధమైతే మిగిలిన పద్నాలుగేళ్ళవీ నిజమని ఎలా నమ్మాలన్నాడు. కోపంగా కూడా అనలేదు. అవన్నీ మళ్ళీ నడిచి చూడాల్సిందేననీ, చూడాల్సింది ఆమె మాత్రం కాదనీ చెప్పాడు.

బయట వసారాలో చిన్నకోడలు ఆమె వెనకే వచ్చింది. ఇద్దరూ కిటికీ దగ్గర ఆగారు.

"ఎప్పుడు చూశావు ఆ టైములు?" అని అడిగింది పెద్దకోడలు.

"షీట్లు ఎక్కిస్తున్నప్పుడే. మోడల్ కట్టకముందే."

"మరి అడగలేదేం?"

చిన్నకోడలు కిటికీ చువ్వ పట్టుకుని బయటకు చూసింది. "భయమేసిందక్కా. అడిగితే ఇంట్లో మీరు నాతో మాట్లాడే ఆ నాలుగు ముక్కలు కూడా మానేస్తారనిపించింది. అందుకే అలాగే ఉంచేశాను." చువ్వ వదిలి ఇటు తిరిగింది. "ఆ మూడు షీట్లూ లెక్కలోంచి తీసేసి ఉంటే ఆ లోయ పచ్చ కాక పసుపొచ్చేది. చౌకీ ఉండేది."

తను ఒక్క మాట తిన్నగా మాట్లాడి ఉంటే ఈ పిల్ల అడిగి ఉండేదని పెద్దకోడలికి అర్థమైంది. రెండేళ్ళుగా మొహం తిప్పుకుని తిరగడం తమ ఇంటి నాలుగు గోడల మధ్య సంగతనుకుంది. అది ఇల్లు దాటి, కొండెక్కి, నూట నలభై చెట్ల మొదలు దాకా వెళ్ళింది.

"నీ తప్పేం లేదు," అందామనుకుంది. అది నిజం కాదని ఇద్దరికీ తెలుసు. "బస్సుకి టైమైంది, పద," అంది.

*

ఆ తర్వాతి వారం నుంచి పెద్దకోడలు మ్యాపుల గదిలో కూర్చుంది. చిన్నకోడలి కుర్చీ ఆమెకు ఎత్తు సరిపోలేదు. రెండు వేళ్ళతో అక్షరం అక్షరం నొక్కుతూ, కొండ మీంచి వచ్చే షీట్లను కంప్యూటర్లోకి ఎక్కించడం ఆమె పని. తూర్పు లోయ సరిచేసిన అంకెలతో మోడల్ మళ్ళీ నడిపితే ఆ వాలంతా, పైన ఊట పుట్టే గట్టు దాకా ఎర్రబడింది. చౌకీ మళ్ళీ వేశారు. మిగిలిన పచ్చ మీద రంపం పడకుండా కాపాడటం ఇప్పుడు చౌకీవాళ్ళ వంతు.

బయటివాళ్ళ మాట అధికారి మళ్ళీ ఎత్తలేదు. పాత పాయింట్లన్నీ మళ్ళీ చూడటానికి కొండ మీదికి చిన్నకోడలు వెళ్తోంది, నత్తగారిని వెంటబెట్టుకుని.

పొద్దున జీపు బయల్దేరే చప్పుడు కిటికీలోంచి వినబడినప్పుడల్లా పెద్దకోడలి వేళ్ళు ఆగిపోయేవి. ఇప్పుడు మొదటి మలుపు దగ్గర ఉండి ఉంటారు, ఇప్పుడు వాగు దాటుతుంటారు అనుకునేది. తెర పక్కన నిలబడ్డందుకు ఆ పిల్ల మీద పడ్డ కుళ్ళు ఇప్పుడీ కుళ్ళు ముందు ఏపాటిది? అప్పుడు తనకు లేనిదాన్ని చూసి ఏడ్చింది. ఇప్పుడు తనదే, తన కళ్ళ ముందే, ఇంకొకరి కాళ్ళ మీద నడిచిపోతోంది. అందుకు ఎవర్నీ అనడానికి లేదు.

రెండో విడత ముగించుకుని చిన్నకోడలు ఒక మధ్యాహ్నం తిన్నగా మ్యాపుల గదికే వచ్చింది. మొహం నల్లబడింది. చేతుల నిండా గీరలు. షీట్ల కట్ట బల్ల మీద పెట్టి, నిలబడే నీళ్ళు తాగింది.

"ముప్ఫై ఎనిమిది చూశామక్కా. ముప్ఫై ఎనిమిదీ మీరు రాసినట్టే ఉన్నాయి. చెట్ల చుట్టుకొలతలు కూడా అంగుళం తేడాతో సరిపోయాయి."

పెద్దకోడలు తలూపి కట్ట విప్పింది. సంతోషించవలసిన మాట. ఒకటి రెండు షీట్లు తిరగేసింది. తర్వాత, షీటులో ఏ గడిలోనూ పట్టని సంగతొకటి అడిగింది. ఉత్తరపు గట్టు మీద నాచు పట్టిన పెద్ద చెట్టొకటి ఉంటుంది, మబ్బు దిగినప్పుడు దాని కింద నిలబడితే వాన లేకుండానే కురుస్తుంది, చూశావా అంది. ఆ చెట్టు గురించి ఆమె ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

"తడిసి ముద్దయ్యాం," అంది చిన్నకోడలు. "నత్తగారు గొడుగు వేసుకున్నాడు. నేను వేసుకోలేదు."

పెద్దకోడలు ఆమె జుట్టు వైపు చూసింది. చెవి వెనక చిన్న నాచు పోగు ఇంకా అతుక్కునే ఉంది. తీద్దామని చెయ్యెత్తి, ఎందుకో తియ్యలేదు.

"మళ్ళీ ఎప్పుడు?"

"ఎల్లుండి. పడమటి వైపు, ఇరవై పాయింట్లు. వాగు వెంట వెళ్తే దగ్గరని మ్యాపులో ఉంది."

మ్యాపులో అలాగే ఉంటుంది. అసలు దారి ఇంకొకటుంది. అది ఏ మ్యాపులోనూ లేదు. పద్నాలుగేళ్ళలో తను కనిపెట్టుకున్నది, తన దగ్గర మిగిలింది అదొక్కటే. పెద్దకోడలు షీటు మీదికి వంగి రెండంకెలు నొక్కింది. ఒకటి తప్పు పడితే చెరిపింది. చిన్నకోడలు గుమ్మం దాకా వెళ్ళింది.

"వాగు వెంట వద్దు," అంది పెద్దకోడలు తలెత్తకుండానే. "చీలిన బండ దగ్గర ఎడమకి ఎక్కు. దూరమే. కానీ అక్కణ్ణించి కొండంతా కనిపిస్తుంది."

చిన్నకోడలు ఆగి, జేబులోంచి చిన్న పుస్తకం తీసింది.

"ఎడమకే కదక్కా?"

"ఎడమకే," అంది పెద్దకోడలు. కుర్చీ ఆమె వైపు తిప్పి, "ఇలా తే, గీసిస్తాను," అంది.